జిందా పత్తర్ కొనక్కర్లేదు, పెంచుకోవచ్చు



ఈసారి సంగతి రాళ్ల గురించి. ఇంట్లో ఉప్పునీటి అక్వేరియం పెట్టాలని షౌక్ ఉన్న పిల్లలకూ, ఆ షౌక్‌కి పైసలిచ్చే అమ్మీ అబ్బాలకూ రాస్తున్నాను. మంచినీటి చేపల తొట్టి మన సత్తెనపల్లిలో కొత్తేమీ కాదు. గోల్డ్ ఫిష్, గప్పీ పెంచని వీధి లేదు. ఇప్పుడు పిల్లలు ఫోన్లో వీడియోలు చూసి సమందర్ చేపలు కావాలంటున్నారు. నారింజ రంగు మీద తెల్ల పట్టీలుండే క్లౌన్ ఫిష్ మీదే అందరి కళ్లూ.

మా చెల్లెలి కొడుకు ఇంటర్ పరీక్షలు అయిపోయాక అదే పట్టు పట్టాడు. వాళ్లమ్మీ చీటీ డబ్బుల్లోంచి కొంత ఇస్తానంది. వాడు ఫోన్ చేసి, "మామూ, లైవ్ రాక్ వేస్తే వారం పది రోజుల్లో చేపలు వేసుకోవచ్చంట. డ్రై రాక్ అయితే నెలన్నర, రెండు నెలలు ఖాళీ టాంకు చూస్తూ కూర్చోవాలంట. పట్నంలో ఒక దుకాణదారు లైవ్ రాక్ బస్సు పార్సిల్లో పంపిస్తానంటున్నాడు. ఏం చేయమంటారు?" అని అడిగాడు.

నా జవాబు ముందే చెప్పేస్తాను. డ్రై రాక్ తీసుకో, ఆగు. మన ఊళ్లో, మన ముల్కులో, కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు అదే సరైన దారి. ఆ దుకాణదారు పంపుతానన్న రాయి ముఫ్త్‌గా ఇచ్చినా తీసుకోకూడదు. ఎందుకో వివరంగా చెప్పాలి, ఎందుకంటే అటువైపు వాదించేవాళ్ల మాటల్లోనూ నిజం ఉంది.

ముందు రెండు రాళ్ల తేడా. లైవ్ రాక్ అంటే రాయికి జాన్ ఉందని కాదు. పగడం, అంటే మనం మర్జాన్ అనేది, మూంగా అనేది, సముద్రంలో తన చుట్టూ సున్నపు గూడు కట్టుకుంటుంది. ఆ పగడం చచ్చాక గూడు రాయిలా మిగులుతుంది. దాని నిండా సన్నని రంధ్రాలు. ఏళ్ల తరబడి సముద్రంలో పడి ఉంటే ఆ రంధ్రాల్లో బాక్టీరియా, పురుగులు, స్పాంజీలు, చిన్న చిన్న రొయ్యజాతి జీవాలు కాపురం పెడతాయి. పైన ఊదారంగు పొర పాకుతుంది, అది కూడా ఒక రకం నాచే. దాన్ని తడి ఆరకుండా తెచ్చి అమ్మితే లైవ్ రాక్. డ్రై రాక్ కూడా సున్నపు రాయే, కాకపోతే సూఖా పత్తర్. ఎప్పుడో సముద్రం వెనక్కి పోగా నేల మీద మిగిలిన పాత రాళ్లను తవ్వి తీసింది కావచ్చు, సిమెంటూ గవ్వపొడీ కలిపి పోసింది కావచ్చు, రంధ్రాలుండేలా కాల్చిన సిరామిక్ కావచ్చు. అందులో జీవం ఉండదు.

మరి టాంకులో రాయి ఎందుకసలు? సజావట్ కోసం కాదు. రాయి టాంకుకి గుర్దా లాంటిది. చేప మలమూత్రాల నుంచి, తినక మిగిలిన మేత నుంచి నీళ్లలో అమ్మోనియా పుడుతుంది. అమ్మోనియా చేపకు జహర్. ఒక రకం బాక్టీరియా అమ్మోనియాని నైట్రైట్‌గా మారుస్తుంది, అదీ జహరే. ఇంకో రకం దాన్ని నైట్రేట్‌గా మారుస్తుంది, అది చాలా వరకు సహించదగ్గది. రాయి లోపలి పొరల్లో, ఆక్సిజన్ అందని చోట, మరికొన్ని బాక్టీరియా ఆ నైట్రేట్‌ని కూడా నైట్రోజన్ గ్యాస్‌గా మార్చి గాలిలోకి వదిలేస్తాయి. బాపట్ల వైపో, నిజాంపట్నం వైపో వెనామీ రొయ్యల చెరువులున్న చుట్టాలు ఉంటే అడగండి, అమ్మోనియా కిట్ లేకుండా వాళ్లకు పొద్దు గడవదు. చెరువులో వాళ్లు ప్రోబయోటిక్ చల్లేది ఇందులో సగం పనికే. మన గాజుపెట్టెలో ఆ బాక్టీరియాకి ఇల్లు కావాలి. రాయి ఆ ఇల్లు.

లైవ్ రాక్‌కి అంత పేరు ఎలా వచ్చిందో కూడా తెలుసుకోవాలి. జకార్తాలో లీ చిన్ ఎంగ్ అనే ఆయన ఉండేవాడు. పెద్ద ఫిల్టర్లేవీ లేకుండా, సముద్రపు రాళ్లూ గాలి బుడగలూ మాత్రమే పెట్టి పగడాల్ని ఇంట్లో బతికించాడు. 1961లో తన పద్ధతి గురించి ఒక అమెరికన్ చేపల పత్రికలో రాశాడు. తర్వాత జర్మనీ వాళ్లు దానికి మురికి నురగను తీసేసే యంత్రం జోడించారు, దానికి బెర్లిన్ పద్ధతి అని పేరొచ్చింది. దునియా అంతా లైవ్ రాక్ వెంట పడింది. కానీ ఒక మాట మరిచిపోవద్దు. ఆ పద్ధతి సముద్రం పక్కన పుట్టింది. ఆయనకు రాయీ నీళ్లూ రెండూ దగ్గరే. మనకు సముద్రం కావాలంటే గుంటూరు, పొన్నూరు, బాపట్ల దాటి సూర్యలంక పోవాలి. పోయినా అక్కడ ఇసుకే గానీ పగడపు రాయి లేదు. కృష్ణమ్మ తెచ్చే ఒండ్రు కలిసే నీళ్లలో పగడపు దిబ్బలు లేవవు, వాటికి సాఫ్ నీళ్లు కావాలి. అంటే మనకు ఎవరైనా "మన సముద్రపు లైవ్ రాక్" అని అమ్మితే అది ఎక్కడో తమిళనాడు తీరం నుంచో, అండమాన్ నుంచో, లక్షద్వీప్ నుంచో రావాలి. అక్కడే అస్లీ మసలా ఉంది.

ఖానూన్ సంగతి చూడండి. 2001 జులైలో మన కేంద్ర ప్రభుత్వం దిబ్బలు కట్టే పగడాలన్నిటినీ వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్లో చేర్చింది. ఆ షెడ్యూల్లోనే పులి ఉంది. పగడాలతో పాటు సముద్రపు గుర్రాలు, సముద్రపు దోసకాయలు కూడా చట్టం కిందికి వచ్చాయి. బతికున్న పగడం ఒక్కటే కాదు, చచ్చిన పగడం ముక్క, దానితో చేసిన వస్తువు కూడా చట్టం కిందికే వస్తాయి. పులి చచ్చినా పులిచర్మం ఇంట్లో పెట్టుకోకూడదు కదా, ఇదీ అంతే. మొదటి షెడ్యూల్ జంతువు విషయంలో జుర్మ్ రుజువైతే మూడేళ్ల నుంచి ఏడేళ్ల దాకా జైలు, పైన జుర్మానా. ఇంటర్ పాసయ్యి ఇంజనీరింగ్ సీటు కోసం చూస్తున్న పిల్లాడి పేరు మీద బస్సు పార్సిల్ బుక్ చేయించుకునే సామాను కాదిది. పంపేవాడి పేరు చీటీ మీద ఉండదు, తీసుకునేవాడి పేరూ ఫోన్ నంబరూ మాత్రం ఉంటాయి.

విదేశీ రాయి అంటారా? దానికి ఖానూన్ దారి ఉంది కానీ కాగితాలు కావాలి. పగడపు రాళ్ల వ్యాపారం సైటిస్ అనే అంతర్జాతీయ ఒప్పందం కింద నడుస్తుంది. ఆ పర్మిట్ లేకుండా సరిహద్దు దాటకూడదు. ఇది మన ఇళ్లకు ప్రత్యేకంగా చెప్పాల్సిన మాట. మనలో జెద్దాలోనో, దమ్మామ్‌లోనో ఎవరో ఒకరు లేని ఖాందాన్ తక్కువ. "రెడ్ సీ ఒడ్డున బోలెడు పడి ఉంటాయి, సూట్‌కేసులో రెండు వేసుకొస్తాలే" అని ఏ ఫుప్పానో ప్రేమతో అనొచ్చు. వద్దని చెప్పండి. ఏళ్ల తరబడి చెమటోడ్చినవాళ్లు ఛుట్టీకి ఇంటికొస్తూ ఎయిర్‌పోర్టులో రాయి కోసం నిలబడి సంజాయిషీ చెప్పుకునే హాలత్ మన షౌక్ వల్ల రాకూడదు.

ఖానూన్ భయం ఒక్కటే సబబ్ అయితే నేను ఇంత రాయను. ఆ ఖానూన్ ఎందుకొచ్చిందో మన పల్నాడు వాళ్లకు తొందరగా అర్థమవుతుంది. పిడుగురాళ్లలో సున్నపు బట్టీలు చూడని వాళ్లు మనలో ఉండరు. కొండరాయి తవ్వి, కాల్చి, సున్నం చేస్తారు. తూత్తుకుడి వైపు మన్నార్ సింధుశాఖలో కొండకు బదులు పగడపు దిబ్బల్నే తవ్వారు. ఏళ్ల పాటు ఆ రాయి సున్నానికీ, సిమెంటుకీ పోయింది. అక్కడ 21 చిన్న దీవులుండేవి. చుట్టూ ఉన్న దిబ్బలే వాటికి గోడలు, అలల దెబ్బ కాచుకునేవి. దిబ్బలు తవ్వేశాక విలాంగుచల్లి, పూవరసంపట్టి అనే రెండు దీవులు నీళ్లలో మునిగిపోయాయి. 1986లో ఆ ప్రాంతాన్ని సముద్ర జాతీయ పార్కు చేశారు, అయినా తవ్వకం పూర్తిగా ఆగడానికి ఇంకా చాలా ఏళ్లు పట్టింది. చేపలు గుడ్లు పెట్టేది ఆ దిబ్బల్లో, పిల్లలు దాక్కునేది ఆ దిబ్బల్లో. దాని మీద బతికే జాలర్లలో మన మజహబ్ వాళ్లూ ఉన్నారు, వేరే వాళ్లూ ఉన్నారు. ఒక గాజుపెట్టె అందం కోసం ఒక ఊరి రోజీ మీద చేయి వేయడం ఇన్సాఫ్ కాదు. పది కిలోలే కదా అంటారు. తవ్విన ప్రతివాడూ పది కిలోలతోనే మొదలుపెట్టాడు.

ఇప్పుడు టాంకు లోపలి సంగతులు. లైవ్ రాక్ వారంలో చేపలకు సిద్ధం అనే మాట ఎప్పుడు నిజం? రాయి తడి ఆరకుండా, చల్లగా, కొన్ని గంటల్లో ఒక టాంకు నుంచి ఇంకో టాంకులోకి మారినప్పుడు. మే నెలలో బస్సు డిక్కీలో, థర్మాకోల్ డబ్బాలో, రాత్రంతా ప్రయాణం చేసి సత్తెనపల్లి స్టాండులో దిగిన రాయి సంగతి వేరు. మన పక్కనే రెంటచింతల, ఎండలకు దాని పేరు వాతావరణ వార్తల్లో ప్రతి ఏడూ వింటాం. ఆ వేడికి రాయిలోని పురుగులు, స్పాంజీలు చస్తాయి. చచ్చినవి కుళ్లి అమ్మోనియా అవుతాయి. జిందా అని కొన్నది సగం ముర్దా అవుతుంది. దాన్ని బకెట్లో పెట్టి, కుళ్లిందంతా రాల్చి, నీళ్లు మారుస్తూ మళ్లీ కొన్ని వారాలు ఆగాలి. ఎలాగూ ఆగాల్సిందే అయితే రెండు మూడింతలు ఎక్కువ డబ్బు పోసి, కుళ్లు వాసన కూడా భరిస్తూ ఎందుకు ఆగడం?

ఇంకోటి, బిన్ బులాయే మెహమాన్లు. రాయి రంధ్రాల్లో ఐప్టేసియా అనే చిన్న పువ్వులాంటి జీవి వస్తుంది. ఒకటి వస్తే వంద అవుతుంది, పగడాల్నీ చిన్న చేపల్నీ కుడుతుంది. గిల్లితే తెగిన ముక్క మళ్లీ మొలుస్తుంది, మన చేలల్లో తుంగలాగా. రాత్రిపూట చేపల్ని కొట్టి తినే మాంటిస్ రొయ్య వస్తుంది. ఉదయం లేచి చూస్తే చేప ఉండదు, ఎవరు తిన్నారో తెలియదు.

ఈ జీవాల్ని చంపుదామని కొందరు రాయిని వేడినీళ్లలో ఉడకబెడతారు. అమ్మీలందరికీ హాథ్ జోడ్‌కే చెబుతున్నాను, ఏ సముద్రపు రాయినీ వంటింట్లో ఉడకనివ్వకండి. కొన్ని బొత్తాముల్లాంటి మెత్తని పగడాల్లో పాలీటాక్సిన్ అనే విషం ఉంటుంది. చాలా ఘాటైన జహర్ అది. ఉడికితే, గట్టిగా రుద్దితే గాలిలో కలుస్తుంది. 2018లో ఇంగ్లండ్‌లో ఆక్స్‌ఫర్డ్‌షైర్ అనే చోట ఒక ఇంట్లో టాంకులోని పగడాన్ని శుభ్రం చేస్తుంటే ఇంటిల్లిపాదీ జబ్బుపడ్డారు. సాయానికి వెళ్లిన సిబ్బంది కూడా హాస్పిటల్‌కు పోవాల్సి వచ్చింది. డ్రై రాక్‌తో ఈ ఖత్రా ఉండదు.

ఇక అటువైపు వాదన. తజుర్బా ఉన్న షౌకీన్లు అనేదేమిటంటే, డ్రై రాక్ టాంకు మొదటి కొన్ని నెలలు బద్‌సూరత్‌గా ఉంటుంది. నిజమే. ముందు గోధుమరంగు పొర పడుతుంది, తర్వాత పచ్చ నాచు వెంట్రుకల్లా పెరుగుతుంది. లైవ్ రాక్‌లో వచ్చే రకరకాల జీవాలు నాచుకి పోటీగా నిలబడి దాన్ని అదుపులో పెడతాయి, సూఖా రాయిలో ఆ పోటీ లేదు. ఊదారంగు రావడానికి కూడా నెలలు పడుతుంది. ఇదంతా ఒప్పుకుంటాను. సీసాలో అమ్మే బాక్టీరియాతో సముద్రంలోని మొత్తం దునియా రాదని కూడా ఒప్పుకుంటాను.

కానీ ఫ్లోరిడాలో ఏం జరిగిందో చూడండి. అక్కడి సముద్రం నుంచి లైవ్ రాక్ ఏరుకోవడం 1997 నాటికి పూర్తిగా ఆపేశారు. వ్యాపారులు ఏం చేశారు? నేల మీది క్వారీ నుంచి సున్నపు రాయి కొని, పడవల్లో తీసుకెళ్లి, ప్రభుత్వం దగ్గర లీజుకు తీసుకున్న సముద్రపు అడుగున పోశారు. కొన్నేళ్లు వదిలేశారు. తర్వాత తీసి అమ్మారు. జిందా పత్తర్ అని ఇంత ధర పెట్టి కొనే సామాను అస్లీగా ఇదే. సూఖా పత్తర్, పైన కొంత వక్త్. దుకాణదారు మనకు అమ్మేది ఆ వక్త్‌ని. వక్త్ మన దగ్గర ముఫ్త్‌గా ఉంది.

ఇందులో మనకు తెలియని హునర్ కూడా ఏమీ లేదు. దహీ కావాలంటే రోజూ దహీ కొంటామా? గిన్నెడు పాలలో చెంచాడు జామన్ వేసి, మూతపెట్టి, కదపకుండా ఆగుతాం. మన మిర్చి రైతుని అడగండి. చేలో మొక్క ఎండు తెగులు పడుతుంటే అడవికి పోయి జీవం ఉన్న మట్టిని లారీల్లో తవ్వుకురాడు. కిలో రెండు కిలోల ట్రైకోడెర్మా పొడి కొని, మాగిన పశువుల ఎరువులో వేపపిండితో కలిపి, తడి పట్టి, నీడన గోనె కప్పి వారం పది రోజులు ఉంచుతాడు. అది ఎరువంతా పాకాక చేలో చల్లుతాడు. కొంచెం జీవం, మంచి ఇల్లు, కొన్ని రోజుల సబర్. టాంకుకీ ఇవే మూడు కావాలి.

జామన్ ఎక్కడ దొరుకుతుంది? ఒకటి సీసాలో అమ్మే నైట్రిఫైయింగ్ బాక్టీరియా. తేదీ చూసి, ఎండలో పెట్టని దుకాణంలో కొనండి. రెండోది ఇంకా మేలైనది. గుంటూరులోనో, విజయవాడలోనో ఉప్పునీటి టాంకు ఏడాదిగా ఆరోగ్యంగా నడుపుతున్న దోస్త్ ఎవరైనా ఉంటే, మీ సిరామిక్ ముక్కలు గుప్పెడు ఒక జాలీ సంచిలో వేసి నెల రోజులు ఆయన ఫిల్టర్లో ఉంచమనండి. తర్వాత ఆయన టాంకు నీళ్లలోనే ముంచి, మూతపెట్టి, ఆ పూటే తెచ్చి మీ టాంకులో వేయండి. మీ రాయే, ఆయన జీవం. ఐప్టేసియా కనిపించే టాంకు అయితే మాత్రం షుక్రియా చెప్పి వచ్చేయండి.

"మరి మన పిడుగురాళ్ల రాయే వేసుకోవచ్చు కదా భాయ్, డబ్బులు మిగుల్తాయి" అని చాలామంది అడుగుతారు. మంచి సవాల్. పల్నాటి సున్నపురాయి గొప్ప రాయి. అమరావతి స్తూపం మీద చెక్కిన శిల్పాలు ఆ రాయివే, ఇవాళ చెన్నై మ్యూజియంలో, లండన్ బ్రిటిష్ మ్యూజియంలో జనం నిలబడి చూస్తున్నారు. రసాయనంగా చూస్తే అదీ కాల్షియం కార్బొనేటే, పగడపు రాయీ అదే. తేడా లోపల ఉంది. మన రాయి గట్టిగా, ఒత్తుగా ఉంటుంది. శిల్పికి అది ఖూబీ, బాక్టీరియాకి అది కిరాయికి గదుల్లేని మేడ. పైన పైన మాత్రమే నివాసం ఉంటుంది, లోపలి ఆక్సిజన్ లేని గదులు ఉండవు. పైగా చోటంతా రాయే ఆక్రమిస్తే నీళ్లు తగ్గుతాయి. శుభ్రమైన ముక్క ఒకటి అడుగున పీటగా వేసుకుంటే వేసుకోండి, గుర్దా పని దానితో అవదు. బట్టీ దగ్గర పడి ఉన్న కాలిన రాయి మాత్రం హర్గిజ్ వద్దు. అది నీళ్లలో పడితే సున్నమై ఉడుకుతుంది, క్షారం ఒక్కసారి పెరిగి టాంకులో ఏదీ బతకదు.

ఏ రాయి మంచిదో ఇంట్లోనే చూసుకోవచ్చు. రాయి మీద రెండు చుక్కలు సిర్కా వేస్తే సన్నగా నురగ రావాలి, అప్పుడది సున్నపు రాయి. సిరామిక్ అయితే నురగ రాదు, అయినా పనికొస్తుంది. తర్వాత పొడి రాయిని కాటాలో తూచండి. రాత్రంతా నీళ్లలో నానబెట్టి, పైతడి తుడిచి మళ్లీ తూచండి. పెరిగిన బరువే దాని లోపలి రంధ్రాల లెక్క. నేను మాచర్ల బండ ముక్కనూ, కొన్న డ్రై రాక్‌నూ పక్కపక్కన పెట్టి తూచాను. బండ బరువు దాదాపు కదల్లేదు, డ్రై రాక్ తేడా కాటా మీద సాఫ్‌గా కనపడింది.

ఇక పని ఎలా చేయాలో క్లుప్తంగా. వంద లీటర్ల టాంకుకి పది పన్నెండు కిలోల రాయి అని పాత లెక్క, బాగా రంధ్రాలున్నదైతే ఇంకా తక్కువ చాలు. రాయిని బ్రష్‌తో రుద్ది, కడిగి, మన ఎండలో బాగా ఆరబెట్టండి. మన ఎండ పనికొచ్చే చోటు ఇదొక్కటే. ఎవరి పాత టాంకు నుంచో వచ్చిన రాయి అయితే ఎండిన మురికి లోపల ఉంటుంది, అది ఫాస్ఫేట్ వదిలి నాచుని పెంచుతుంది. దాన్ని బ్లీచ్ కలిపిన నీళ్లలో నానబెట్టి, పలుమార్లు కడిగి, వాసన పూర్తిగా పోయేదాకా ఎండబెట్టాలి. బ్లీచ్‌లో యాసిడ్‌గానీ సిర్కాగానీ కలపొద్దు, విషవాయువు వస్తుంది.

నీళ్లు బోరువి వద్దు. మన నేల బోరునీళ్లలో ఉప్పులు ఎక్కువ, చేలల్లో వేసే యూరియా దిగిన చోట నైట్రేట్ కూడా ఉంటుంది. ఆర్వో నీళ్లు తీసుకోండి, అదీ టీడీఎస్ మీటరు పెట్టి చూశాకే. వీధి ప్లాంట్ల వాళ్లు రుచి కోసం కొంత వదిలేస్తుంటారు, మనకు సున్నా దగ్గరగా కావాలి. అక్వేరియం ఉప్పు కలిపి లీటరుకి 35 గ్రాముల ఉప్పదనం తెచ్చుకోండి. వంటింటి ఉప్పుతో సమందర్ అవదు. వేడి 25 నుంచి 27 డిగ్రీలు.

ఆ తర్వాత చేపకు బదులు బాక్టీరియాకి మేత వేయాలి. అమ్మోనియం క్లోరైడ్, అంటే పాత రోజుల్లో కలాయి వేసేవాళ్లు వాడిన నౌసాదర్. కాకపోతే కలాయి దుకాణం సరుకు కాదు, లాబ్‌లో వాడే శుద్ధమైనది కావాలి. వంద లీటర్లకు అర గ్రాముకి కాస్త పైన వేస్తే అమ్మోనియా 2 పీపీఎం దాకా వస్తుంది. జామన్ వేయండి, పంపు నడవనివ్వండి, లైటు ఆపేయండి. లైటు వేస్తే నాచుకి దావత్ ఇచ్చినట్టే. రెండు మూడు రోజులకోసారి కిట్‌తో చూసి నోటుబుక్కులో రాయండి. ముందు అమ్మోనియా దిగుతుంది, నైట్రైట్ ఎక్కుతుంది, తర్వాత అదీ దిగుతుంది. వేసిన 2 పీపీఎం అమ్మోనియా ఒక్క రోజులో సున్నా అయ్యి, నైట్రైట్ కూడా సున్నా చూపిస్తే గుర్దా పనిచేస్తున్నట్టు. జామన్ మంచిదైతే మూడు నాలుగు వారాలు, లేకపోతే ఆరు ఎనిమిది వారాలు. కొంత నీళ్లు మార్చి, ఒక్క చేపతో మొదలుపెట్టండి. అదీ సముద్రంలో పట్టింది కాకుండా హాచరీలో పుట్టిన క్లౌన్ ఫిష్ అడగండి. మన దేశంలోనే సీఎంఎఫ్‌ఆర్‌ఐ శాస్త్రవేత్తలు ఆ చేపల్ని పుట్టించి పెంచే పద్ధతి నేర్పుతున్నారు.

ఖర్చు గురించి అమ్మీ అబ్బాలకు ఒక మాట. లైవ్ రాక్ వద్దనుకుంటే మిగిలే పైసలు ఎక్కడికీ పోవు. ఒక మంచి టెస్ట్ కిట్, కరెంటు పోయినప్పుడు నడిచే బ్యాటరీ ఎయిర్ పంపు, వీలైతే నీళ్లు చల్లబరిచే ఏర్పాటు. మన ఊరి మే నెలలో చేప ప్రాణం నిలబెట్టేవి ఇవే. ఈ మూడింటికీ గుంజాయిష్ లేకపోతే టాంకు మాటే వచ్చే ఏడాదికి వాయిదా వేయండి. రాయి ఎండినా ఏమీ కాదు, అటక మీద పెట్టుకోవచ్చు. లైవ్ రాక్ అలా ఆగదు, కొన్న రోజు నుంచే మిమ్మల్ని తొందరపెడుతుంది.

పిల్లలకు ఆ ఖాళీ నెలన్నర బోరు కొడుతుందని అనుకోకండి. కంటికి కనపడని జీవాలు జహర్‌ని మేసి నీళ్లు సాఫ్ చేస్తుంటే, కిట్‌లోని రంగు రోజురోజుకీ మారడం చూడటం, ఆ అంకెల్ని తన చేత్తో గీతగా గీయడం ఏ ట్యూషన్‌లోనూ దొరకని సబఖ్. చేప వేసే నాటికి ఆ పిల్లాడికి తన టాంకు లోపల ఏం జరుగుతోందో తెలిసి ఉంటుంది. వారంలో చేప వేసినవాడికి అది తెలియదు, చేప పక్కకు ఒరిగినప్పుడు ఎందుకు ఒరిగిందో కూడా తెలియదు.

ఎవరైనా మీకు లైవ్ రాక్ అమ్మజూపితే మూడు ప్రశ్నలు అడగండి. ఏ సముద్రం నుంచి వచ్చింది? కాగితాలు చూపిస్తావా? బిల్లు మీద లైవ్ రాక్ అని రాసిస్తావా? మూడో ప్రశ్నకే చాలామంది ఫోన్ పెట్టేస్తారు. పెట్టేయనివ్వండి. సూఖా పత్తర్ కొనుక్కుని, జామన్ వేసి, మూతపెట్టండి.

ఖుదా హాఫిజ్.